పైకప్పు లేని రోజుల్లో

పదకొండుంబావుకి మా టికెట్టు. పదిన్నర నుంచే మా అబ్బాయి చేతిలో ఫోను పది నిమిషాలకోసారి మోగుతోంది. మెట్రో మెట్లెక్కి పైకి వచ్చి తలెత్తాను. మెడ పూర్తిగా వెనక్కి వాల్చినా కొస కనిపించనంత ఎత్తున బార్సిలోనా చర్చి, సగ్రాదా ఫమీలియా. నలభై ఒక్క ఏళ్ల తర్వాత చూస్తున్నాను. కాసేపు కదలకుండా నిలబడదామనుకున్నాను. "నాయనా, టైము దాటిందంటే టికెట్టు పోతుంది. లోపలికి పోయినాక చూద్దువులే రా" అని వాడు మోచెయ్యి పట్టుకుని నడిపించాడు.

వాణ్ణి అని లాభం లేదు. మూడు వారాల ముందే కొన్న టికెట్టు. మనిషికి 26 యూరోలు, మన లెక్కలో రెండు వేల ఆరు వందల పైమాటే. తేదీ, గంట, నిమిషం అన్నీ దాని మీదే ఉన్నాయి. ఆ వీధిలో ఎవర్ని చూసినా ఒక చేతిలో ఫోను, కళ్లు ఆ ఫోనులోని గడియారం మీద. దేవుడి ఇంటికి వచ్చినవాళ్లు ప్లాట్‌ఫాం మీద రైలు కోసం వచ్చినవాళ్లలా ఉరుకుతున్నారు. నాకు మనసు చివుక్కుమంది.

మా రోజుల్లో ఇలా లేదు. ఈ మాట ఎత్తగానే పిల్లలు మొహం పక్కకు తిప్పుకుంటారని తెలుసు. అయినా అంటాను. ఈ చర్చి కడుతుండగా చూసినవాణ్ణి నేను.

1984లో నాకు ఇరవై ఐదేళ్లు. సరుకు ఓడలో ఫోర్త్ ఇంజినీరుని. ఇప్పుడు కంటెయినర్ ఓడ రేవులో ఒక రోజు ఆగితే గొప్ప. అప్పుడు సంచులు, పెట్టెలు, బేళ్లు వలల్లో వేసి దింపాలి, వాన వస్తే పని ఆపాలి. బార్సిలోనా రేవులో మా ఓడ తొమ్మిది రోజులు ఉంది. డ్యూటీ దిగి, ఒంటి మీది నూనె కడుక్కుని, షోర్ పాసు జేబులో పెట్టుకుని, కొలంబస్ స్తంభం పక్కనుంచి ఊళ్లోకి నడిచేవాణ్ణి. ఆ ఊరి కొత్త వాడలు గీత గీసినట్టు చదరాలు చదరాలుగా ఉంటాయి. ప్రతి కూడలిలో ఇళ్ల మూలలు ఏటవాలుగా కోసి ఉంటాయి. అలా గంట నడిస్తే చర్చి వచ్చేది. దారి అడగనక్కర్లేదు, బురుజులే దారి చూపేవి.

అప్పుడూ టికెట్టు ఉంది, కాదనను. చిల్లర పెసెటాలు. ఇచ్చి లోపలికి పోతే, మళ్లీ ఎప్పుడు బయటికి వస్తావని అడిగేవాడు లేడు. తొమ్మిది రోజుల్లో నాలుగుసార్లు పోయాను.

లోపల అంటే ఏముంది? తూర్పున నాలుగు బురుజులు, పడమర నాలుగు బురుజులు, ఒక పక్క గర్భగుడి గోడలు. నడుమ ఖాళీ జాగా. నేల నిండా చెక్కిన రాళ్లు, చెక్కాల్సిన రాళ్లు, ఇనుప కడ్డీలు, ఇసుక కుప్పలు. పైన ఆకాశం. చర్చి నట్టనడుమ నిలబడి తలెత్తితే మబ్బులు పోతూ కనిపించేవి. అప్పటికి పని మొదలై 102 ఏళ్లు.

ఉలి చప్పుడు వినిపించిన వైపు నా కాళ్లు వాటంతట అవే పోయాయి. మా నాయన రాతిపని మేస్త్రి. లేపాక్షికి దగ్గర్లోనే మా ఊరు. పుట్టినప్పటినుంచి ఆ చప్పుడు విని నిద్ర లేచినవాణ్ణి. ఒక ముసలాయన, తల మీద గుడ్డ టోపీ, ఒక దిమ్మె అంచు చెక్కుతున్నాడు. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకు రాదు. నేను వంగి ఆ దిమ్మెను వేలి కణుపుతో తట్టి చెవి పెట్టాను. మంచి రాయి గంటలా పలుకుతుందని, లోపల పగులుంటే మొద్దుగా పలుకుతుందని మా నాయన నేర్పిన పని అది. ముసలాయన సుత్తి పక్కన పెట్టి నా వైపు చూశాడు. తర్వాత పక్కనున్న ఇంకో రాయి చూపించాడు, దాన్ని తట్టమన్నట్టు. తట్టాను. తల అడ్డంగా ఊపాను. ఆయన నవ్వి నా భుజం చరిచాడు. ఆ రాయిని పక్కకు పెట్టింది అందుకేనని అర్థమైంది. వచ్చేటప్పుడు అరచేతిలో పట్టేంత పెచ్చు ఒకటి నా చేతిలో పెట్టాడు. ఊరి పక్కనే ఉన్న మోంజూయిక్ గుట్ట రాయి అది. బార్సిలోనాలో పాత కట్టడాలు చాలావరకు ఆ గుట్టను తొలిచి కట్టినవే. ఆ గని అప్పటికే మూతపడింది.

ఆ పెచ్చును ఊరికి తెచ్చి మా నాయన చేతిలో పెట్టాను. నీళ్లతో తడిపి, ఎండలో తిప్పి చూసి, "ఇసుకరాయి. మన నల్లబండ మాదిరి మొండిది కాదు, చెప్పినమాట వింటుంది" అన్నాడు. ఎన్నేండ్ల నుంచి కడుతున్నారని అడిగాడు. చెప్పాను. నేను అనుకున్నట్టు ఆశ్చర్యపోలేదు. "మన కల్యాణ మండపం ఎన్నేండ్ల నుంచి అట్లే ఉంది?" అన్నాడు.

లేపాక్షిలో వీరభద్రుడి గుడి వెనక ఉన్న మండపం సంగతి అది. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ కట్టించాడు. రాజు సొమ్ము అడగకుండా గుడికి ఖర్చు పెట్టాడని నేరం మోపితే, తన కళ్లు తానే పెరికి గోడకు కొట్టాడని మావైపు కథ. ఆ ఎర్ర మరకలు ఇప్పటికీ చూపిస్తారు. పెళ్లికి వచ్చిన దేవతలంతా స్తంభాల మీద నిలబడే ఉన్నారు, పైన కప్పు లేదు. మా నాయనకి అది కొరతగా ఎప్పుడూ అనిపించలేదు. పని ఆగిన చోట పనివాడి చెయ్యి బాగా కనిపిస్తుందనేవాడు. పిల్లలకు రాతిపని నేర్పాలంటే వాళ్లను గుడిలోకి కాకుండా ఆ మండపానికి తీసుకుపోయేవాడు.

బార్సిలోనాలో నాకు దక్కిందీ అదే. కమాను ఎలా లేస్తుందో, రాయి మీద రాయి ఎలా కూర్చుంటుందో, గోడ మందం ఎంతో, లోపల ఏం నింపారో అన్నీ కళ్ల ముందే ఉన్నాయి. ఇప్పుడు వచ్చేవాళ్లకు పూర్తయిన ముఖం మాత్రమే కనిపిస్తోంది. పెళ్లికూతుర్ని చూసి పోతున్నారు గానీ, పెంచినవాళ్లను చూడ్డం లేదు.

ఈసారి ఎలా వచ్చానో చెప్పాలి. మా అబ్బాయి జర్మనీలో ష్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం. కోడలికి సెలవు దొరకలేదు. వాడు, పద్నాలుగేళ్ల మనవరాలు, నేను కలిసి 2025 నవంబరులో బయల్దేరాం. అంతకు ముందే, అక్టోబరులో, వాళ్ల ఊరికి దగ్గరని ఉల్మ్ చర్చికి తీసుకుపోయారు. 161.53 మీటర్లు, ప్రపంచంలోకెల్లా ఎత్తయిన చర్చి అని మనవరాలు చెప్పింది. నెల తిరక్కుండానే, అక్టోబరు 30న, సగ్రాదా ఫమీలియా నడిమి బురుజు మీద ఒక భాగం ఎక్కించారు. 162.91 మీటర్లయింది. ఉల్మ్ రెండో స్థానానికి దిగింది. మనవరాలి ఫోనులో ఆ వార్త చూసి మా ఇంట్లో అందరూ, 'మనం పోయేసరికి అదే నంబర్ వన్' అని సంబరపడ్డారు.

నాకు ఆ సంబరం ఎక్కలేదు. ఉల్మ్ చర్చికి 1377లో పునాది వేస్తే 1890లో కొస పూర్తయింది. కొలోన్ చర్చి 1248లో మొదలై 1880లో ముగిసింది. నడుమ దాదాపు మూడు వందల ఏళ్లు పని ఆగిపోయి, సగం లేచిన బురుజు మీద పాత కాలపు క్రేను అలాగే ఉండిపోయింది. ఆ ఊళ్లో తరాలకు తరాలు ఆ క్రేనును చూస్తూ పుట్టి, చూస్తూ పోయాయి. ఎవరి మునిమనవడో కడతాడని ఇంకెవరి ముత్తాతో రాయి మోశాడు. ఆ ఓర్పు ముందు ఒకటిన్నర మీటరు తేడా ఏపాటిది?

సగ్రాదా ఫమీలియాను మొదలుపెట్టింది రాజూ కాదు, పోపూ కాదు. బొకబెల్లా అనే పుస్తకాల వ్యాపారి. సెయింట్ జోసెఫ్ భక్తుల సంఘం ఒకటి పెట్టి, చందాలు పోగు చేసి జాగా కొన్నాడు. 1882 మార్చి 19న, జోసెఫ్ పండుగనాడు, శంకుస్థాపన. మొదటి ఆర్కిటెక్టు విల్లార్ ఏడాది తిరిగేసరికి తప్పుకున్నాడు. 1883లో గౌడీ చేతికి వచ్చింది. అప్పటికి ఆయనకు ముప్పై ఒకటి. ఈ చర్చి పేరులోనే ప్రాయశ్చిత్త ఆలయమని ఉంది. అంటే జనం తమ పాపాలకు పరిహారంగా ఇచ్చే కానుకలతోనే లేవాలి. కానుక వస్తే పని నడుస్తుంది, రాకపోతే ఆగుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో డబ్బులు అడుగంటితే, గౌడీ అంతటివాడు గడప గడపకీ పోయి చెయ్యి చాచాడు. చివరికి మిగతా పనులన్నీ వదిలేసి ఈ ఒక్కదాన్నే పట్టుకున్నాడు. ఆఖరి నెలల్లో పడక కూడా పని స్థలంలోనే.

1926 జూన్ 7 సాయంత్రం నడిచి పోతుంటే ట్రాం కొట్టింది. నలిగిన బట్టలు, జేబులో కాగితం ముక్క లేదు. ఎవరో బిచ్చగాడనుకుని బీదల ఆస్పత్రిలో వేశారు. ఎవరో తెలిసేసరికి ఆలస్యమైంది. జూన్ 10న పోయాడు. ఆయన కళ్లతో పూర్తిగా చూసుకున్న బురుజు ఒక్కటే, సెయింట్ బర్నబాస్‌ది. పద్దెనిమిదికి ఒకటి.

పదేళ్లకు అంతర్యుద్ధం వచ్చింది. 1936 జులైలో గుంపులు వచ్చి నేలమాళిగ తగలబెట్టారు. ఆయన గీసిన కాగితాలు కాలిపోయాయి. ప్లాస్టర్‌తో పోసిన నమూనాలను ముక్కలు చేశారు. తర్వాత ఆయన శిష్యులు ఆ ముక్కలు ఏరి, కడిగి, అతికించి, వాటి నుంచే లెక్కలు తీసి మళ్లీ మొదలుపెట్టారు. 1984లో కింది మ్యూజియంలో ఆ ముక్కలు చూశాను. అరల నిండా తెల్లని పెంకులు. ఒక్కో పెంకు ఏ స్తంభానిదో, ఏ కిటికీదో తేల్చడానికి మనుషులు జీవితాలు ఖర్చు పెట్టారు. ఓడకు తిరిగి పోయి, ఆ రాత్రి మా నాయనకు ఏరోగ్రాం రాశాను. స్కూలు అయ్యవారు చదివి వినిపించారట. పెంకుల సంగతి దగ్గర రెండుసార్లు చదివించుకున్నాడని మా అమ్మ చెప్పింది.

ఇప్పుడు ఆ అరల ముందు జనం ఆగడం లేదు. నేను లెక్క పెట్టలేదు గానీ, నేను నిలబడ్డ పది నిమిషాల్లో నా పక్కన నిలబడి చూసినవాళ్లు ఒక్క చేతి వేళ్లకు సరిపోతారు. మిగతా అందరూ చెవుల్లో యంత్రం పెట్టుకుని, అది 'ముందుకు నడవండి' అనగానే నడుస్తున్నారు.

ఈ చెవి యంత్రం మీద నాకు కోపం ఉంది. మాకూ ఇచ్చారు. చక్కగానే చెబుతుంది, తప్పు చెప్పదు. కానీ వందల మంది ఒకచోట నిలబడి, ఒకరితో ఒకరు మాట్లాడకుండా, ఎవరి చెవిలో వాళ్లకు చెప్పింది వింటూ, అది చూపించిన వైపు తల తిప్పుతూ ఉంటే చూడలేకపోయాను. మా రోజుల్లో ఏమీ తెలియకుండా పోయేవాళ్లం. తెలియదు కాబట్టి పక్కవాణ్ణి అడిగేవాళ్లం. తూర్పు ద్వారం స్తంభాల కింద రెండు తాబేళ్లున్నాయని, ఒకటి సముద్రానిది, ఒకటి నేలదని నాకు చూపించింది చేతిసంచిలో రొట్టెలు పట్టుకుని పోతున్న ఆ వీధి అమ్మ. చేతుల్తో ఈత కొట్టి చూపించి ఒకటి, నాలుగు వేళ్లతో నేల మీద నడిపించి చూపించి ఇంకొకటి చెప్పింది. ఈనాటికీ మరిచిపోలేదు.

ఫోటోల మాటా అంతే. నా దగ్గర ఒక్కటే రీలు, 36 ఫోటోలు. అది అయిపోతే ఇంకోటి కొనే డబ్బులు లేవు. ఈ చర్చికి పదకొండు ఖర్చు పెట్టాను. ఒక్కోటి తీసే ముందు ఎంతసేపు చూసేవాణ్ణో. ఆ పదకొండూ నాకు కంఠతా వచ్చు. ఈసారి లోపలికి పోయిన అరగంటకు మనవరాలు రెండు వందలు తీసింది. అందులో సగం తన మొహం. నేను గట్టిగానే కసిరాను. "తాతా, ఇంటికి పోయినాక చూస్తా కదా" అంది. ఇంటికి పోయాక చూడ్డానికి ఇంత దూరం రావడం ఎందుకని అడిగితే జవాబు లేదు.

కసిరిన బాధ నాకూ ఉండి, దాన్ని కూర్చోబెట్టి మెడలోని గొలుసు తీయమన్నాను. రెండు కొసలూ రెండు చేతుల్తో పట్టుకుని వేలాడదీయమన్నాను. గొలుసు తన బరువుకు తాను ఒక వంపు తిరిగింది. ఆ వంపులో ప్రతి లింకూ పక్కదాన్ని లాగుతూనే ఉంటుంది. ఇప్పుడు అదే వంపును తలకిందులు చేసి రాతితో కట్టావనుకో, ఆ లాగుడంతా నొక్కుడుగా మారుతుంది. రాయిని లాగితే విరుగుతుంది, ఎంత నొక్కినా తట్టుకుంటుంది. గౌడీ పట్టుకున్న కిటుకు ఇదేనని చెప్పాను. బార్సిలోనా పక్కన కొలోనియా గుయెల్ అనే మిల్లు ఊళ్లో ఒక చర్చి కోసం, కప్పుకు దారాలు కట్టి, వాటికి సీసపు గుళ్ల సంచులు వేలాడదీసి, పదేళ్లు ఆ దారాల వంపులు చూశాడు. ఫోటో తీసి తలకిందులుగా పెడితే కట్టాల్సిన చర్చి కనిపించేది. ఆ చర్చీ పూర్తి కాలేదు, నేలమాళిగతోనే ఆగింది. కానీ అక్కడ నేర్చిన చదువుతోనే ఇక్కడి స్తంభాలు ఏటవాలుగా లేచి, పైకి పోయి చెట్ల మాదిరి కొమ్మలు వేశాయి. పక్కనుంచి గోడను ఎగదోసే ఊతాలు ఈ చర్చికి అవసరం లేదు.

మనవరాలు గొలుసును అటూ ఇటూ దగ్గర చేసి, దూరం చేసి చాలాసేపు చూసింది. ఆ కాసేపు ఫోను ఒళ్లో పడి ఉంది.

లోపలి సంగతి దాచను. నేను సణుగుతానని చెప్పి కళ్లు మూసుకునేవాణ్ణి కాదు. 1984లో మబ్బులు చూసిన చోట ఇప్పుడు 45 మీటర్ల ఎత్తున కప్పు ఉంది. 2010 నవంబరులో పోప్ బెనెడిక్ట్ వచ్చి ఆరాధనకు తెరిచాడు. తూర్పు గోడ అద్దాలు నీలం, ఆకుపచ్చ. పడమటి గోడవి ఎరుపు, నారింజ. నవంబరు ఎండ నీలం అద్దాల్లోంచి వచ్చి రాతి మీద పడితే, రాయి తడిసినట్టుంది. నడిమిన బరువంతా మోసే నాలుగు స్తంభాలు ఎర్ర పోర్ఫిరీ రాయి. వాటి పక్కవి నల్ల బసాల్టు, తర్వాతివి గ్రానైటు, ఆఖరువి ఇసుకరాయి. ఎంత బరువు మోయాలో అంత గట్టి రాయి. మా నాయన ఉంటే నాలుగింటినీ తట్టి చూసేవాడు. నేను తట్టాను. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మా అబ్బాయి ఏమైంది నాయనా అని కంగారుపడ్డాడు.

అయినా నా మాట వెనక్కి తీసుకోను. ఇంత గొప్పగా కట్టినదాన్ని ఇంత తొందరగా చూసి పోయే అలవాటు ఎక్కడిది? నా ఆలోచన ఒకటే. కానుక ఇచ్చినవాడికి, టికెట్టు కొన్నవాడికి చూపు వేరు. కానుక వేసినవాడు కట్టేవాళ్లలో ఒకడు. పూర్తయ్యేది తాను చూడకపోయినా ఫరవాలేదనుకుంటాడు. టికెట్టు కొన్నవాడు సరుకు కొన్నవాడు. పూర్తయిన సరుకు కావాలి, చెప్పిన టైముకు కావాలి, క్రేను అడ్డం రాకుండా ఫోటో కావాలి. మా వెనకాల ఎవరో, ఆ క్రేన్లు బొమ్మను పాడుచేస్తున్నాయని ఇంగ్లీషులో విసుక్కున్నారు. ఏటా నలభై లక్షలకు పైగా జనం వస్తున్నారు. ఆ టికెట్ల డబ్బుతోనే పని ఇంత వేగం అందుకుంది, అది నిజం. గౌడీ పోయి నూరేళ్లయ్యే 2026కి నడిమి బురుజును 172.5 మీటర్లకు చేర్చాలని మేం పోయేనాటికి పట్టుదల మీద ఉన్నారు. పక్క గుట్ట మోంజూయిక్ కంటే కొంచెం తగ్గించే ఆ ఎత్తు పెట్టుకున్నాడు గౌడీ. దేవుడు చేసిన గుట్టను మనిషి చేసింది మించకూడదని.

పని పద్ధతి మారడాన్ని మాత్రం తప్పు పట్టను. నేనూ యంత్రాల మధ్య బతికినవాణ్ణే. రాతి పలకల్లో ఉక్కు కడ్డీలు దూర్చి, గట్టిగా బిగించి, వేరే ఊళ్లో కూర్చి, క్రేనుతో ఎత్తి పెడుతున్నారు. అలా చేస్తే పలక పల్చగా ఉండొచ్చు, పాత పునాది మీద బరువు తగ్గుతుంది. తెలివైన పని. విమానాలకు వాడే కంప్యూటర్ లెక్కలు తొంభైల మొదట్లోనే ఇక్కడికి తెచ్చారు, అదీ మంచిదే. జపాన్ నుంచి 1978లో వచ్చి, రాళ్లు చెక్కే పనిలో చేరి, తర్వాత క్రైస్తవ మతమే పుచ్చుకున్న ఎత్సురో సోతో చెక్కిన దేవదూతలు తూర్పు ద్వారం మీద సంగీతం వాయిస్తున్నారు. నేను తిరిగిన రోజుల్లో ఆయన అక్కడ పనిలోనే ఉన్నాడన్నది చాలా ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నాను. ఇప్పుడు లోపల ఎంతసేపు చెవి పెట్టినా ఉలి చప్పుడు మాత్రం వినపడలేదు. నాకు లోటు అదే.

పడమటి ద్వారం అప్పుడు బోడిగా ఉండేది. 1987లో సుబిరాక్స్ అనే శిల్పి వచ్చి క్రీస్తు యాతన బొమ్మలు మొదలుపెట్టాడు. కోసుకుపోయే అంచులు, ఎముకల మాదిరి మనుషులు. అవి గౌడీ పద్ధతి కాదని ఊళ్లో పెద్ద గొడవే జరిగింది. నాకు నచ్చాయి. చావు బొమ్మ మెత్తగా ఉండకూడదు.

బయటికి వచ్చాక వీధి చూసి ఇంకా దిగులేసింది. రొట్టెల కొట్టు ఉన్న చోట ఫ్రిజ్జుకు అంటించే బొమ్మలు అమ్ముతున్నారు. అప్పుడు బాల్కనీల్లో తడిబట్టలు, వీధిలో బంతాడే పిల్లలు. ఇప్పుడు చక్రాల పెట్టెల గడగడ. ఊరివాళ్లకు అద్దెకు ఇళ్లు దొరక్క, టూరిస్టుల మీద నీళ్ల తుపాకులు కొట్టేదాకా వచ్చింది. టూరిస్టులకిచ్చే పదివేల పైచిలుకు ఫ్లాట్ల లైసెన్సులు 2028 కల్లా ఎత్తేస్తామని నగర పాలకులు ప్రకటించారు. ఇక మల్యోర్కా వీధి వైపు ప్రధాన ద్వారం ముందు పెద్ద మెట్ల వరుస కట్టాలంటే, అవతలి ఇళ్లు కొట్టెయ్యాలన్న మాట ఉంది. ఆ ఇళ్లవాళ్లు ఏళ్ల తరబడి పోట్లాడుతున్నారు. మా అబ్బాయి, గౌడీ అనుకున్నదే కదా నాయనా అన్నాడు. వందేళ్ల కింద ఆ పక్కన మేకలు మేసేవి, ఇప్పుడు పిల్లలు నిద్రపోతున్నారు. ఏ దేవుడూ ఇంటి గోడ కూల్చుకుని తన మెట్లెక్కమనడు. నేను ఆ ఇళ్లవాళ్ల పక్షమే. చర్చి నూటనలభై ఏళ్లు ఓర్చుకుంది, మెట్లు లేకుండా ఇంకొన్నాళ్లు ఓర్చుకుంటుంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దర్నీ లేపాను. సార్దెన్యా వీధి వైపు ఇంకో తలుపు ఉంది. నేలమాళిగలోకి పోయే తలుపు. అక్కడ ఆ పేట జనం ఇప్పటికీ ప్రార్థనకు వస్తారు. టికెట్టు లేదు, టైము ముద్ర లేదు. 1984లో నేలమాళిగలోకి పోయినదీ ఈ తలుపుగుండానే. పదిహేను ఇరవై మంది, అందరూ నా ఈడువాళ్లు, నాకంటే పెద్దవాళ్లు. ఒక పక్క చిన్న మందిరంలో గౌడీ సమాధి, నేలలో పరిచిన రాతి పలక. ఎదుట వెలుగుతున్న కొవ్వొత్తులు.

బెంచీ మీద ఒక ముసలావిడ జరిగి చోటిచ్చింది. ప్రార్థన అయ్యాక మనవరాలితో స్పానిష్‌లో ఏదో అడిగింది. దానికి బడిలో రెండేళ్లుగా ఆ భాష చెబుతున్నారు. "ఏ ఊరని అడుగుతాంది తాతా" అంది. ఇండియా అని చెప్పమన్నాను. ఇండియాలో ఎక్కడ అంది ముసలావిడ. మా పాత జిల్లా పేరే, అనంతపురం అన్నాను. ఆమె నా చెయ్యి పట్టేసుకుంది. "అనంతపూర్! విసెంటె ఫెర్రర్!"

మాకు ఫెర్రర్ సారు. బార్సిలోనాలో పుట్టినవాడు. 1969లో అనంతపురం వచ్చి, 2009లో పోయేదాకా మా కరువు నేలను వదల్లేదు. చెరువులు, ఇళ్లు, బడులు, బత్తలపల్లి ఆస్పత్రి. ఆ డబ్బులో చాలావరకు స్పెయిన్‌లో ఎక్కడెక్కడివాళ్లో నెలనెలా పంపిన చిన్న చిన్న మొత్తాలే. ఆవిడా పంపుతుందట, చాలా ఏళ్లుగా, ఒక ఆడపిల్ల చదువుకి. ఆ పిల్ల ఇప్పుడు నర్సట. పర్సులోంచి ఫోటో తీసి చూపించింది. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, వెనకాల వేపచెట్టు. మా వైపు పిల్ల. ఎప్పుడైనా వెళ్లి చూశారా అని మనవరాలి చేత అడిగించాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, మోకాళ్లు చూపించి, ఫోటోను మళ్లీ పర్సులో పెట్టుకుంది.

తలుపు దగ్గర కానుకల పెట్టె ఉంది. మనవరాలు జేబులోంచి చిల్లర తీసి, పెట్టెకు అటూ ఇటూ, పైనా కిందా చూసింది.

"ఎంత వేయాలి తాతా? ఎక్కడా రాయలేదే."

"రాసుండదమ్మా" అన్నాను.

అది అరచేతిలో నాణేలు పరిచి, ఏరుకోవడం మొదలుపెట్టింది. మా అబ్బాయి గడియారం చూసుకోలేదు. పైన క్రేను కదిలిన చప్పుడు నేలలోంచి సన్నగా వినపడుతోంది.